సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ట్రైనింగ్: కొన్నేళ్లు వాడి చూశాక నా సమీక్ష

ట్రైనింగ్ ముగిసిన మర్నాడు రాసే సమీక్షలు నాకు నమ్మబుద్ధి కాదు. ఆ రోజు అందరికీ ట్రైనర్ మంచివాడే, స్లైడ్లన్నీ బాగున్నట్టే, సర్టిఫికెట్ చేతికొచ్చిన హుషారులో స్టార్లన్నీ ఇచ్చేస్తాం. నేర్చుకున్న దాంట్లో ఫ్లోర్ మీద ఏది నిలిచింది, ఏది ఫైల్లోనే ఉండిపోయింది అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది. నేనొక తయారీ ప్లాంట్‌లో సేఫ్టీ చూస్తాను. పనిచోట ఆరోగ్యం, భద్రతల కోసం ఉన్న అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్‌ఓ 45001 ప్రకారం సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఎలా కట్టుకోవాలో చెప్పే ఐదు రోజుల కోర్సు చేసి వచ్చి, ఆ నోట్సు ముందు పెట్టుకునే మా సిస్టమ్‌ని నిలబెట్టాం, బయటి ఆడిట్లు కూడా దాటాం. ముందే చెప్పేస్తున్నా, ఆ ఐదు రోజుల్లో రెండు రోజులు నిఖార్సైన సరుకు, కొంత పర్వాలేదు, మిగతాది కాఫీ తాగి నిద్ర ఆపుకునే రకం.

మొదటి రోజు దాదాపు అంతా స్టాండర్డ్ పరిచయం. 2018 మార్చిలో ఐఎస్‌ఓ 45001 వచ్చింది, అంతకు ముందున్న ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 పోయింది, 4 నుంచి 10 దాకా క్లాజులు, ప్లాన్–డూ–చెక్–యాక్ట్ చక్రం, ఇదీ వరస. క్వాలిటీ స్టాండర్డ్ 9001 గానీ పర్యావరణ స్టాండర్డ్ 14001 గానీ ఇప్పటికే నడుపుతున్న కంపెనీ నుంచి వచ్చిన వాళ్లకి ఇందులో సగం తెలిసిందే, ఎందుకంటే అన్నిటికీ ఒకటే ఎముకల గూడు. ఆ రోజు పనికొచ్చిందల్లా క్లాజు 5.4 మీద ట్రైనర్ ఆగి మాట్లాడిన గంటసేపు. వర్కర్లతో సంప్రదించాలి, నిర్ణయాల్లో వాళ్లని కలుపుకోవాలి, అదీ మేనేజర్ హోదా లేని వాళ్లని ప్రత్యేకంగా కలుపుకోవాలి అని స్టాండర్డే రాసి పెట్టింది. సేఫ్టీ కమిటీ మీటింగ్‌లో వర్కర్ ప్రతినిధి టీ తాగి సంతకం పెట్టి వెళ్లిపోతే ఈ క్లాజు నెరవేరినట్టు కాదని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు. మా దగ్గర మీటింగ్ ఎజెండాలో మొదటి అంశం వర్కర్లదే ఉండాలన్న పద్ధతి అక్కడి నుంచి తెచ్చుకున్నదే, ఇప్పటికీ నడుస్తోంది.

అసలు కోర్సంటే రెండో రోజే. ఒక కన్వేయర్ బెల్టు ఫొటో చూపించి, టెయిల్ పుల్లీ (బెల్టు వెనక చివర తిరిగే చక్రం) దగ్గర పేరుకున్న పొడిని గీకి తీసే పనికి రిస్క్ అసెస్‌మెంట్ రాయమన్నారు. దాదాపు అన్ని గ్రూపులూ ఒకేలా రాశాయి. ప్రమాదం: చెయ్యి ఇరుక్కోవడం. నివారణ: గ్లోవ్స్, అవగాహన, హెచ్చరిక బోర్డు. ఆయన తప్పు అనలేదు, ఊరికే అడుగుతూ పోయారు. బెల్టు తిరుగుతుండగా ఎందుకు గీకుతున్నారు? ఆపితే ప్రొడక్షన్ పోతుంది కాబట్టి. పొడి అక్కడ ఎందుకు పేరుకుంటోంది? బెల్టుని గీకి శుభ్రం చేసే స్క్రేపర్ బ్లేడు అరిగిపోయింది కాబట్టి. మరి బ్లేడు ఎందుకు మార్చలేదు? మెయింటెనెన్స్ షెడ్యూల్లో దాని పేరే లేదు కాబట్టి. అంటే బ్లేడు సరిగ్గా ఉంటే మనిషి అక్కడికి వెళ్లాల్సిన పని చాలావరకు ఉండదు, వెళ్లాల్సి వచ్చినా గార్డు బయటి నుంచే తీసే ఏర్పాటు చేయొచ్చు. పైగా తిరిగే పుల్లీ దగ్గర గ్లోవ్స్ వేసుకుంటే పుల్లీ ఆ గుడ్డని పట్టుకుని చేతిని లోపలికి లాగేసే ప్రమాదం ఇంకా ఎక్కువ. ప్రమాదాన్నే తీసేయడం, లేదంటే తక్కువ ప్రమాదమున్న దాంతో మార్చడం, తర్వాత ఇంజనీరింగ్ ఏర్పాట్లు, తర్వాత పద్ధతులూ ట్రైనింగూ, అన్నిటికన్నా చివర పీపీఈ, అంటే గ్లోవ్స్, హెల్మెట్ లాంటి ఒంటి మీద వేసుకునే రక్షణ సామగ్రి. క్లాజు 8.1.2లో ఉన్న ఈ వరస పోస్టర్ల మీద అందరం చూసిందే, కానీ అరిగిన బ్లేడు దాకా తీసుకెళ్లి చూపిస్తేనే బుర్రకెక్కుతుంది.

అదే రోజు మధ్యాహ్నం రిస్క్ మ్యాట్రిక్స్‌తో (ప్రమాదం తీవ్రతకీ, జరిగే అవకాశానికీ అంకెలు వేసి రంగు తేల్చే పట్టిక) ఆడే అంకెలాటని కూడా బయటపెట్టారు. ఎత్తు మీద పనికి తీవ్రత 5 వేసి, హార్నెస్ (ఎత్తు నుంచి పడకుండా ఒంటికి కట్టుకునే బెల్టు) ఇచ్చాం కదా అని తీవ్రతని 2కి దించేసి, లైను ఆకుపచ్చ చేసేయడం మామూలే. హార్నెస్ కొక్కేనికి తగిలించకపోతే అంత ఎత్తు నుంచి పడ్డ మనిషికి దెబ్బ ఏమైనా తక్కువ తగులుతుందా? ఇలాంటి లైన్లని పట్టుకోవడం ఒకసారి అలవాటైతే ఎవరి రిస్క్ రిజిస్టర్ (ప్రమాదాలూ వాటి నివారణలూ రాసుకునే జాబితా) తెరిచినా కళ్లు అక్కడికే పోతాయి. మా రిజిస్టర్లో పీపీఈ ఒక్కటే నివారణగా ఉన్న లైన్లన్నీ విడిగా తీసి, ఒక్కో డిపార్ట్‌మెంట్‌తో కూర్చుని తిరగరాశాం. నెలలు పట్టింది, మెయింటెనెన్స్ వాళ్లతో వాదనలు కూడా అయ్యాయి. ఈ కోర్సు వల్ల ప్లాంట్‌లో కంటికి కనిపించే మార్పు ఏదైనా వచ్చిందంటే ఆ తిరగరాతలోనే వచ్చింది.

మూడో రోజు పర్మిట్ టు వర్క్ (ప్రమాదకరమైన పనికి ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి), లాక్ అవుట్ ట్యాగ్ అవుట్ (పని జరుగుతుండగా మెషిన్ ఆన్ కాకుండా కరెంటు ఆపి తాళం, ట్యాగ్ వేయడం). 1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద 167 మంది చనిపోయిన ప్రమాదాన్ని కేస్ స్టడీగా తీసుకున్నారు. మెయింటెనెన్స్ కోసం ఒక పంపుకి సంబంధించిన సేఫ్టీ వాల్వ్ ఊడదీశారు, ఆ సంగతి రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు, రెండో పంపు ఆగిపోతే దీన్ని ఆన్ చేశారు. పర్మిట్ కాగితాలు లేకపోలేదు, కానీ అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు, షిఫ్టులూ మాట్లాడుకోలేదు. ఇది విన్నాక మా దగ్గర షిఫ్ట్ మారేటప్పుడు తెరిచి ఉన్న పర్మిట్లన్నీ బోర్డు దగ్గర ఇద్దరు ఇన్‌చార్జ్‌లూ నిలబడి చూసుకుని, అవసరమైతే పని జరిగే చోటికి కూడా వెళ్లి సంతకం పెట్టే పద్ధతి తెచ్చాం. మొదట్లో గొణుక్కున్నారు, అది వేరే సంగతి. లాక్ వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూసే అలవాటు కూడా ఆ రోజు చేయించిన ప్రాక్టీస్ వల్లే వచ్చింది. తాళం వేసింది సరైన బ్రేకర్‌కేనా అన్నది ఆ ఒక్క నొక్కుతో తేలుతుంది.

ఇక నచ్చనివి. మొదటిది, కోర్సుతో పాటు ఇచ్చిన డాక్యుమెంట్ల కిట్. పాలసీ నుంచి ఫారాల దాకా అన్నీ రెడీమేడ్, కంపెనీ పేరు మార్చుకుంటే చాలు అన్నట్టు. ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా అది. అసలు ఐఎస్‌ఓ 45001 సేఫ్టీ మాన్యువల్ అనే లావుపాటి పుస్తకం ఉండి తీరాలని ఎక్కడా అడగదు, అవసరమైన సమాచారం రాతపూర్వకంగా ఉంటే చాలు. ఆ మాట క్లాసులో చెప్పి, మళ్లీ ఆ కిట్టే చేతిలో పెట్టడం నాకు అర్థం కాలేదు. మా వరకు అందులోంచి ఇంటర్నల్ ఆడిట్ ప్లాన్ ఫారం ఒక్కటే ఇప్పటికీ వాడుతున్నాం.

రెండోది, కాంట్రాక్టర్ల అంశాన్ని పరుగు మీద ముగించేశారు. చాలా ప్లాంట్లలో ఎత్తు మీద పని, వెల్డింగ్, ట్యాంకుల్లోకి దిగడం లాంటి ప్రమాదకరమైన పనులన్నీ చేసేది కాంట్రాక్ట్ మనుషులే. వాళ్లలోనూ సబ్ కాంట్రాక్టర్ కింద ఇవాళ వచ్చి రేపు మారిపోయే వాళ్లని సిస్టమ్‌లోకి ఎలా తేవాలి, రేటు తక్కువని ఎంచుకున్న కాంట్రాక్టర్ దగ్గర పరంజా నాణ్యత ఎలా అడగాలి, ఇవన్నీ మేం సొంతంగా తంటాలు పడి నేర్చుకున్నవే. మార్పుల నిర్వహణ గురించి కూడా అంతే, రెండు స్లైడ్లు చూపించి వదిలేశారు. చిన్న బైపాస్ లైను వేసినా, కెమికల్ సప్లయర్ మారినా ముందు ఎవరు చూడాలి అన్న ప్రశ్నకి ఒక్క ఎక్సర్‌సైజ్ అయినా ఉండాల్సింది.

భద్రత ఎలా ఉందో కొలిచే సూచికల గురించి మాత్రం మంచి మాట చెప్పారు. 2005లో అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీ పేలుడులో 15 మంది పోయారు, అక్కడ అప్పటిదాకా వ్యక్తిగత గాయాల రేటు బాగానే కనిపించేది. ప్రమాదాలు తక్కువగా నమోదవడం వేరు, ప్లాంట్ భద్రంగా ఉండటం వేరు. ఆలస్యమైన తనిఖీలు, మూసుకోని యాక్షన్ పాయింట్లు, వచ్చిన నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టులు కూడా లెక్కపెట్టమన్నారు. అయితే నియర్ మిస్ రిపోర్టులు ఒక్కసారిగా పెరిగేసరికి పై వాళ్లకి ఎంత టెన్షన్ వస్తుందో, వాళ్లకి ముందే ఎలా చెప్పి ఉంచాలో క్లాసులో ఎవరూ చెప్పలేదు. ప్రమాదాలు పెరిగాయా అని అడుగుతారు. లేదండీ, ఇప్పటిదాకా మనకి తెలియనివి తెలుస్తున్నాయి అని ఓపిగ్గా చెప్పుకోవాలి. రిపోర్టు ఇచ్చినవాడికి నోటీసు వెళ్లిందంటే మాత్రం మర్నాటి నుంచి ఆ డబ్బాలో ఒక్క కాగితం పడదు.

ఆఖరి రోజు ఆడిట్ ప్రాక్టీస్, రోల్ ప్లే. "పర్మిట్ తీసుకున్నారా?" అని అడిగితే ఎవరైనా తీసుకున్నామనే అంటారు. "మొదలుపెట్టే ముందు ఏం చేశారో కాస్త చూపిస్తారా?" అని అడిగితే మనిషి నడిచి వెళ్లి తాళం చూపిస్తాడు, లేదా దిక్కులు చూస్తాడు. ఈ ఒక్క మెళకువ మా ఇంటర్నల్ ఆడిటర్లందరికీ నేర్పించాను. ప్రమాద దర్యాప్తు ఎక్సర్‌సైజ్‌లో కూడా, కారణం దగ్గర వర్కర్ అజాగ్రత్త అని రాసిన గ్రూపు రిపోర్టుని ఆయన వెనక్కిచ్చేశారు, ఇంకోసారి అడగండి అని. పరీక్ష మాత్రం క్లాజు నంబర్ల బట్టీ. రెండో రోజు నేర్పినదానికీ ఆ ప్రశ్నపత్రానికీ సంబంధమే లేదు.

ఎవరు చేరొచ్చంటే, సేఫ్టీ ఆఫీసర్‌ ఒక్కణ్నే పంపితే డబ్బు సగం వృథా. మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్‌నీ, ఒక ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌నీ కూడా పంపండి, కనీసం రెండో రోజూ మూడో రోజూ అయినా. స్క్రేపర్ బ్లేడు మార్చాల్సింది వాళ్లే కదా. ఫీజు కట్టే ముందు నిర్వాహకుల్ని రెండు విషయాలు అడగండి: ట్రైనర్ ఎప్పుడైనా ప్లాంట్‌లో పనిచేశారా, మన సొంత రిస్క్ రిజిస్టర్లోంచి నాలుగు పేజీలు తెస్తే క్లాసులో చూస్తారా. రెండోదానికి సరే అనకపోతే వేరే చోట వెతుక్కోండి.