విమాన దూరం చెప్పే క్యాలిక్యులేటర్లు: కిలోమీటర్లు నమ్మొచ్చు, గంటలు సరిచూసుకోవాలి

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరం, ప్రయాణ సమయం చెప్పే ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లను ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇదీ: దూరం విషయంలో వీటికి పెద్దగా వంక పెట్టలేం. సమయాన్ని మాత్రం గుడ్డిగా నమ్మితే కనెక్షన్ ఫ్లైట్ చేజారుతుంది.

దూరాన్ని గ్రేట్ సర్కిల్ పద్ధతిలో, అంటే భూగోళం మీద అతి దగ్గరి దారిగా లెక్కగడతాయి. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న బంతి అనుకున్నా తేడా సుమారు అర శాతం లోపే. మ్యాపులో గీత ధ్రువం వైపు వంగి కనిపిస్తే కంగారు పడొద్దు, గుండ్రటి భూమిని చదును చేసి గీయడం వల్ల అలా ఉంటుంది. అసలు తిప్పలు యూనిట్లతోనే. లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి సుమారు 3,000 నాటికల్ మైళ్లు (విమానాలు, ఓడల లెక్కల్లో వాడే పెద్ద మైళ్లు), అంటే దాదాపు 5,550 కి.మీ. అవే మామూలు మైళ్లనుకుంటే లెక్క 4,830 కి.మీ. దగ్గరే ఆగిపోతుంది. ఊరి పేరుకు బదులు ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్ కొట్టడం ఇంకో మంచి అలవాటు. ఆస్ట్రేలియా సిడ్నీ ఎస్‌వైడీ, కెనడాలోని సిడ్నీ వైక్యూవై.

ఇక సమయం. చాలా క్యాలిక్యులేటర్లు దూరాన్ని గంటకు 800 నుంచి 850 కి.మీ. వేగంతో భాగించి, విమానం గాల్లోకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలుపుతాయి. సింగపూర్–న్యూయార్క్ నాన్‌స్టాప్‌కి ఇది బాగానే కుదురుతుంది: 15,340 కి.మీ.ని 850తో భాగించి అరగంట కలిపితే పద్దెనిమిదిన్నర గంటలు, షెడ్యూలూ దాదాపు అంతే. లండన్–న్యూయార్క్‌కి మాత్రం రెండు దిక్కులా 7 గంటలనే చూపిస్తుంది. నిజానికి పడమరకు వెళ్లేటప్పుడు జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి) ఎదురుగాలిగా తగిలి సుమారు 8 గంటలు పడుతుంది. చలికాలంలో ఆ గాలి ఇంకా బలంగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో అదే గాలి వెనకనుంచి తోయడంతో న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక విమానం 5 గంటల లోపే చేరింది.

మూసేసిన గగనతలం సంగతి ఈ లెక్కలకు అసలే తెలియదు. హెల్సింకి–టోక్యోకి సుమారు తొమ్మిదిన్నర గంటలని చెబుతాయి. 2022లో రష్యా మీదుగా వెళ్లే దారి మూతపడ్డాక అది దాదాపు 13 గంటలైంది. అందుకే విమానాల కదలికలు చూపించే ఫ్లైట్‌రాడార్24 లాంటి సైట్‌లో ఆ ఫ్లైట్ నంబరు కొట్టి, గత కొన్ని రోజుల్లో నిజంగా ఎంతసేపు ఎగిరిందో చూడాలి. అయితే అక్కడ కనిపించేది గాల్లో ఉన్న సమయం. టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటుకు, రన్‌వే దాకా పాకే సమయంతో కలిపి. మధ్యలో స్టాప్ ఉంటే ఒక్కో లెగ్ (ఒక ఎయిర్‌పోర్టు నుంచి తర్వాతి దానికి) విడిగా కొట్టి కలుపుకోవాలి, ఆగే సమయం వేరే.

టికెట్ మీద ఉండేవి ఆయా ఊళ్ల స్థానిక వేళలు కాబట్టి, దిగే వేళలోంచి బయల్దేరే వేళను నేరుగా తీసివేయకూడదు. రెండింటినీ యూటీసీకి (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం, చలికాలంలో లండన్ గడియారంతో సమానం) మార్చాలి: చలికాలంలో లండన్‌లో 11:00కి బయల్దేరి న్యూయార్క్‌లో 14:00కి దిగితే, అక్కడి 14:00 యూటీసీలో 19:00, కాబట్టి 8 గంటలు. మార్చిలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. అమెరికా గడియారం రెండో ఆదివారం, బ్రిటన్‌ది చివరి ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి. ఆ మధ్య రోజుల్లో రెండు ఊళ్ల తేడా 5 గంటలు కాదు, 4.