మార్కాటో అట్లాస్ 150 పాస్తా మర: ఆరు నెలలు తిప్పాక

మాది తెనాలి. మూడేళ్లుగా ఇటలీలోని పార్మాలో ఉంటున్నాం. బరిల్లా కంపెనీ పుట్టిన ఊరు కాబట్టి ఎండు పాస్తాకు ఇక్కడ కొదవ లేదు. అయినా పండగొస్తే చాలా ఇళ్లలో గుడ్డు పాస్తా చేత్తోనే చేసుకుంటారు. మా కింది వాటాలో ఉండే పెద్దావిడ ఇంత పొడవు కర్రతో బల్ల నిండా ఒకే రేకు ఒత్తేస్తారు. ఆ కర్ర నేనూ రెండు నెలలు పట్టాను. మధ్యలో పలచన, అంచుల్లో మందం. అందుకే పాస్తా రేకు ఒత్తే మర, మార్కాటో వాళ్ల అట్లాస్ 150 కొన్నాను.

ఇది పదువా దగ్గర తయారయ్యే చేతిమర. పేరులోని 150 అంటే రేకు వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్కనున్న బొత్తాం లాగి తిప్పితే 0 నుంచి 9 దాకా పది అంకెలు. 0 దగ్గర రేకు బాగా మందం, 9 దగ్గర వెనకున్నది కనిపించేంత పలచన. వెడల్పుగానూ సన్నగానూ కోసే కట్టర్ కూడా డబ్బాలోనే వచ్చింది. కొత్త మర రోలర్ల మీద నూనె ఉంటుంది, మొదటి ముద్ద తిప్పి పారేయాలి. ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. దీన్ని నీళ్లతో కడగకూడదు. అంటిన పిండి ఆరాక బ్రష్‌తో దులిపితే చాలు.

పిండి లెక్క సులువు. ఒక్కో గుడ్డుకు 100 గ్రాముల ‘00’ పిండి, అంటే మన మైదాలా మెత్తటిది. నీళ్లు పోయరు. పూరీ పిండి కన్నా ఓ పిసరు గట్టిగా ఉండాలి. పది నిమిషాలు బాగా పిసికి, అరగంట మూతపెట్టి ఉంచుతాను.

మర విలువ తెలిసేది ఆ తర్వాతే. ముద్దను చేత్తో అదిమి 0 మీద తిప్పితే మొదటి రేకు అంచులు చిరుగులుగా, పైన గరుకుగా వస్తుంది. మూడు మడతలు వేసి మళ్లీ తిప్పాలి. ఐదారు సార్లయ్యేసరికి అదే రేకు తమలపాకులా నున్నగా జారుతూ దిగుతుంది. అక్కడి నుంచి ఒక్కో అంకె పెంచుకుంటూ పోవాలి, తొందరపడి రెండేసి దాటకూడదు. రావియోలికి, అంటే లోపల పూర్ణం పెట్టి మూసే పాస్తాకు, నేను 7 దగ్గర ఆపుతాను. రేకు ఎత్తి కిటికీకి పెడితే వెనక నా వేళ్ల నీడ తెలుస్తుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం! కర్రతో నాకు రానిది ఇదే. రేకు మూరెడు దాటగానే సగానికి కోసేస్తే ఒక్కరే పని చేసుకోవచ్చు.

పూర్ణం మాత్రం ఏ మరా కాపాడదు. పార్మాలో జూన్ 23 రాత్రి, సాన్ జొవాన్ని పండగ ముందురోజు, ఆకుకూర, రికొట్టా అనే మెత్తటి చీజ్ పెట్టిన తొర్తెల్లి తింటారు, ఇవీ రావియోలి లాంటివే. నేను పాలకూరతో చేస్తాను. మొదటిసారి కూర సరిగ్గా పిండకపోవడంతో సగం నీళ్లలోనే విచ్చుకుపోయాయి. ఇప్పుడు రికొట్టాను రాత్రంతా జల్లెడలో వడకట్టి, ఉడికిన పాలకూరను బట్టలో వేసి చుక్క లేకుండా పిండి, పార్మిజానో అనే గట్టి చీజ్ తురుము, కాస్త జాజికాయ కలుపుతున్నాను. పార్మిజానోలో పాలు విరగడానికి వేసే, దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది. శాకాహారులు జంతువుల రెన్నెట్ లేని చీజ్ చూసుకోండి.

రావియోలి అచ్చు ట్రే ఒకటి వేరే కంపెనీది కొన్నాను. దాని మీద డబ్బు దండగ. పిండి ఎంత చల్లినా రేకు గుంటల్లో అతుక్కుపోయి, తీసేటప్పుడు అడుగు చిరుగుతోంది. దానికన్నా కింది వాటా ఆవిడ చూపించిన పద్ధతే మేలు. చెంచాడేసి పూర్ణం వరసగా పెట్టి, రేకు పైకి మడిచి, అరచేతి అంచుతో పూర్ణం చుట్టూ నొక్కుతూ గాలంతా బయటకు తోసేయాలి. లోపల గాలి ఉంటే నీళ్లలో ఉబ్బి అతుకు విడిపోతుంది. తర్వాత పళ్ల చక్రంతో కోయడమే. నీళ్లు తెర్లకుండా చిన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు చాలు. పైన కరిగిన వెన్న, చీజ్ తురుము.

మే నెలలో అమ్మ వచ్చింది. తను గుడ్డు తినదు. దక్షిణ ఇటలీ పద్ధతిలో 200 గ్రాముల సెమోలా, అంటే గట్టి గోధుమ రవ్వపిండి, 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లతో కలిపాను. ఈ రేకు 7 దగ్గర చిరిగింది, 6 దగ్గర ఆపేశాం. అమ్మ చక్రం పక్కన పెట్టేసి, కజ్జికాయలకు అల్లినట్టు అంచంతా వేళ్లతో మడిచింది. నలభై చేస్తే ఒక్కటీ విచ్చుకోలేదు.

నాకు 65 యూరోలు పడింది. నెలకు రెండుసార్లైనా చేసేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. వంటగది గట్టు అంచు మందం ముందే కొలుచుకోండి. మా గట్టు మరీ లావు, అందుకే మరను పట్టి ఉంచే క్లాంపును భోజనాల బల్లకు బిగిస్తున్నాను.

అమ్మ వెళ్లేటప్పుడు తన పెట్టెలో ఇంకో అట్లాస్ సర్దాను. కజ్జికాయల రేకుకు 5 సరిపోతుందని ఇక్కడే మైదా కలిపి తిప్పి చూసుకుని మరీ వెళ్లింది.