పర్లాకిమిడి ట్యూషన్‌లో ఆరెంజ్: ఆ ఒక్క గడి కోసమే అట్టిపెట్టుకున్నాను

డేటా నుంచి అంచనాలు వేయడానికి వాడే ఆరెంజ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అని ఒక చిన్న పట్టిక వస్తుంది. మోడల్, అంటే పాత మార్కుల నుంచి నేర్చుకుని ఎవరు గట్టెక్కుతారో అంచనా వేసే లెక్క, ఎంతమంది పిల్లల విషయంలో సరిగ్గా చెప్పింది, ఎంతమంది విషయంలో తప్పింది అనేది నాలుగు గడుల్లో చూపిస్తుంది. ఇది ఇలాంటి ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఉంటుంది. కానీ ఇక్కడ గడి మీద నొక్కితే, అందులో పడ్డ పిల్లలు పేర్లతో సహా పక్కనున్న డేటా టేబుల్‌లోకి వచ్చేస్తారు. కొన్నేళ్లుగా వాడుతున్నాను. మిగతా హంగులన్నీ తీసేసినా ఈ ఒక్కటి ఉంటే చాలంటాను.

స్లొవేనియాలోని ల్యూబ్లియానా యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. కోడ్ రాయక్కర్లేదు, బొమ్మల్ని లాగి గీతలతో కలపడమే. అది ఎలాగో వీడియోల్లో బోలెడంత ఉంది కాబట్టి వదిలేస్తున్నాను. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. ఊళ్లోని తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కాశీనగర్, గుమ్మ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే సవర పిల్లలు, అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. డిసెంబరు వచ్చేసరికి తల్లిదండ్రులది ఒకటే ప్రశ్న: "మాస్టారూ, మెట్రిక్‌లో మా గుంటడు గట్టెక్కుతాడా?" ఆ టెన్షన్ వాళ్లకెంతో నాకూ అంతే. ఎవరికి ఎక్కువ టైమ్ ఇవ్వాలో జనవరిలోపు తేల్చుకోవాలి. మెట్రిక్, అంటే పదో తరగతి బోర్డు పరీక్ష, ఫిబ్రవరిలో.

పాత రిజిస్టర్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. తొమ్మిదో తరగతి మార్కులు, వారం పరీక్షలు, ఎన్ని వారాలు రాలేదు, హాఫ్ ఇయర్లీ మార్కులు, చివర్లో మెట్రిక్ లెక్కల్లో 40 దాటారా లేదా. 2021 బ్యాచ్‌ను మాత్రం పక్కన పెట్టేశాను. కోవిడ్ వల్ల ఆ ఏడాది ఒడిశాలో మెట్రిక్ పరీక్షే రద్దయింది, పాత మార్కులు చూసి ఫలితాలిచ్చారు. రాయని పరీక్ష ఫలితాల నుంచి మోడల్ నేర్చుకునేది ఏముంటుంది?

ఇక అసలు సంగతి. లాజిస్టిక్ రిగ్రెషన్ (దాటే అవకాశం ఎంత శాతమో లెక్కగట్టే పద్ధతి) పెట్టి టెస్ట్ అండ్ స్కోర్ (మోడల్‌ను పరీక్షించే బొమ్మ) చూస్తే 87 శాతం కచ్చితత్వం అని వచ్చింది. ఆ అంకె దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. కానీ వందమందిలో 85 మంది ఎలాగూ 40 దాటే చోట, కళ్లు మూసుకుని అందరూ దాటేస్తారని రాసినా 85 వస్తుంది. నాకు కావలసింది ఆ మిగిలిన పిల్లలు. అందుకని "దాటుతారు అంది, దాటలేదు" అనే గడి మీద నొక్కాను.

గడిలో అంకె చిన్నదే. టేబుల్‌లో వరసగా పేర్లు వచ్చాయి, దాదాపు అందరూ హాస్టల్ పిల్లలు. హాఫ్ ఇయర్లీ కాలమ్‌లోకి వచ్చేసరికి ఒకరి కింద ఒకరికి ప్రశ్నార్థకాలు. ఆరెంజ్‌లో ఖాళీ గడికి గుర్తు అది. వరికోతలప్పుడు ఇంటికెళ్లిపోయి పరీక్ష రాయని పిల్లలు వాళ్లు. లాజిస్టిక్ రిగ్రెషన్ గణితానికి ఖాళీ పనికిరాదు, ఏదో ఒక అంకె ఉండాలి. అందుకని మామూలు సెట్టింగ్‌లో ఆ ఖాళీని మొత్తం పిల్లల సగటుతో నింపేస్తుంది. అంటే అసలు పరీక్షకే రాని పిల్లవాడు ఆ లెక్కలో క్లాసులో మధ్యరకం విద్యార్థి అయిపోయాడు! ఇంట్లో చెయ్యి సాయం లేక ఊరెళ్లిన కుర్రాడికి దాటే అవకాశం 78 శాతం అని చూపించింది. ఆ అంకెను నమ్మి ఉంటే, ఎవరికి అందరికంటే ముందు సాయం కావాలో వాళ్ల పేరే నా జాబితాలో ఉండేది కాదు.

సున్నా వేస్తే సరిపోతుందా అంటే, అదీ తప్పే. సున్నా అంటే రాసి ఏమీ తెచ్చుకోలేదని. అందుకే "రాశాడా, లేదా" అని విడిగా ఒక కాలమ్ పెట్టాను. ఆ తర్వాత ట్రీ, అంటే ఒక్కో ప్రశ్న అడుగుతూ పిల్లల్ని విడదీసే చెట్టులాంటి మోడల్, వేస్తే, చెట్టు మొదట్లో అడిగిన ప్రశ్న మార్కుల గురించి కాదు, ఎన్ని వారాలు రాలేదన్నదే. నాకు అనుమానం ఉన్న విషయమే గానీ, తొమ్మిదో తరగతి మార్కుల కంటే ముందు నిలబడుతుందనుకోలేదు.

చేయి తిరగడానికి మొదట్లో పోర్చుగల్ స్కూళ్ల డేటాతో సాధన చేశాను. పౌలో కోర్టెజ్, ఆలిస్ సిల్వా అనే పరిశోధకులు 2008లో వాడినది, లెక్కల ఫైల్లో 395 మంది పిల్లలుంటారు. మొదటి రెండు టర్మ్‌ల మార్కులు చేతిలో ఉంటే చివరి మార్కును బాగానే పసిగట్టవచ్చని, అవి లేకపోతే కష్టమని అక్కడ తేలింది. మా దగ్గర చిక్కల్లా ఏమిటంటే, ఆ మధ్య మార్కులు ఎవరికి ఖాళీగా ఉంటాయో వాళ్ల గురించే మనకు బెంగ.

గడి గురించి ఇంత చెప్పాను గానీ, ఒక మాట. ఏటా నలభై, యాభై మంది ఉండే ట్యూషన్‌లో ఆ గడిలో పడేది గుప్పెడు మంది. కొత్త బ్యాచ్ చేర్చగానే చెట్టు కొమ్మలు మారిపోతుంటాయి, మొదటి ప్రశ్న ఒక్కటే నిలబడింది. పైగా గడి చూపించేది షీట్‌లో ఉన్నవాళ్లనే. మెట్రిక్ ఫారమ్ కూడా నింపకుండా మధ్యలో బడి మానేసిన పిల్లలకు నా షీట్‌లో వరసే లేదు. వాళ్ల గురించి ఏ గడీ చెప్పదు, ఆ పని ఇప్పటికీ హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసి కనుక్కోవడమే. శాతాలు మాత్రం తల్లిదండ్రులకు చూపించను. "ఏటంటాది మాస్టారూ మీ కంప్యూటరు?" అని ఒక తల్లి అడిగితే, "ఆదివారాలు కూడా పంపించమ్మా" అన్నాను. ఆవిడకు పనికొచ్చేది అదే.

కొనచ్చా అనే ప్రశ్నే లేదు, ఉచితం కదా. అయితే నాలుగైదేళ్ల రిజిస్టర్లు జాగ్రత్తగా రాసిపెట్టుకున్న వాళ్లకే దీనితో పని. వందలమంది ఉన్న స్కూళ్లలో ఎలా ఉంటుందో అక్కడి వాళ్లు చెప్పాలి, నాది ఒక గది ట్యూషన్. తెలుగు, ఒడియా మెనూలు లేవు. నా పాత ల్యాప్‌టాప్ మీద తెరుచుకోవడానికి టైమ్ తీసుకుంటుంది, ఒకసారి ఎక్కించుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తుంది. ఈ ఏడాది హాఫ్ ఇయర్లీ రాయని పిల్లలందరికీ సంక్రాంతి అయ్యాక విడిగా ఒక పరీక్ష పెడుతున్నాను. ఆ మార్కులు ఖాళీ గడుల్లో వేసి మళ్లీ నొక్కి చూస్తాను.