తెనాలి ఇంటి నుంచి ఐదున్నరేళ్ల టీమ్ పని: వాడి చూశాక నా మాట

2020 మార్చి మూడో వారంలో హైదరాబాదు నుంచి తెనాలి వచ్చినప్పుడు నా సంచిలో ఆఫీసు ల్యాప్‌టాప్, నాలుగు జతల బట్టలు ఉన్నాయి. పది రోజుల్లో తిరిగి వెళ్తాననుకున్నాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. తర్వాత రైళ్లు నడిచాయి, తెలిసినవాళ్లలో చాలామంది మళ్లీ ఆఫీసు మెట్లెక్కారు. మా టీమ్ మాత్రం వెళ్లలేదు. ఆసుపత్రుల బిల్లింగు సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే మేం పదకొండు మందిమి. నలుగురు హైదరాబాదులో, ఇద్దరు విశాఖలో, ఇద్దరు డాలస్ ప్రాంతంలో, ఒకరు పుణెలో, ఒకరు శ్రీకాకుళం జిల్లాలో ఉంటారు. నేను తెనాలిలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్లేముందు పరీక్షించి చూడటం నా పని.

ఇలా పనిచేయడం ఎలా ఉంటుందని అడిగేవాళ్లు ముందుగా కరెంటు గురించీ ఇంటర్నెట్ గురించీ అడుగుతారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా ఇంట్లో మొదటి నుంచీ ఇన్వర్టర్ ఉంది. అయినా తొలి ఏడాదంతా కరెంటు పోయిన ప్రతిసారీ నా కాల్ తెగిపోయేది. ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంది, ఫ్యాను ఆగినట్టు కూడా తెలియదు. రౌటర్ మాత్రం ఇన్వర్టర్ అందుకునేలోపలి ఆ లిప్తపాటుకే ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది. అది తేరుకునేందుకు రెండు మూడు నిమిషాలు పట్టేది. నేను తిరిగి చేరేసరికి మీటింగులో మాట ఇంకెక్కడికో వెళ్లిపోయి ఉండేది. ఒకరోజు ఇన్వర్టర్ చూడటానికి వచ్చిన మెకానిక్ దాని వెనక ఉన్న చిన్న మీటను యూపీఎస్ వైపు తిప్పాడు, అంటే కరెంటు పోగానే ఇంకా త్వరగా బ్యాటరీకి మారే పద్ధతికి. ఆ రోజు నుంచి రౌటర్ ఆగలేదు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు కొత్త వస్తువులేవీ కొనకముందు ఆ మీట ఎటువైపు ఉందో చూసుకోండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్ ఒక్కదానికి సరిపడే 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది. నా దగ్గర ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఇన్వర్టర్‌కు ఉన్న 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) ట్యూబులర్ బ్యాటరీ మీద ల్యాప్‌టాప్, రౌటర్, ఒక లైటు, ఒక ఫ్యాను మే నెల మధ్యాహ్నాల్లో ఐదారు గంటలు నడిచిన రోజులున్నాయి. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకునేది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టించాక 30 వాట్లతో సరిపోతోంది. కరెంటు లేని రోజున ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఫైబర్ కనెక్షన్ మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగిందంటే చాలావరకు తీగ ఎక్కడో తెగినట్టే. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, లైన్‌మన్ రావలసిందే. వానలకు ముందు కరెంటు స్తంభాల పక్కన కొమ్మలు కొట్టే రోజుల్లో మా వీధికి ఇది మామూలే. ఆ పూట ఫోను డేటాతో నెట్టుకొస్తాను. ఇంట్లో మాత్రం వేరే ఇబ్బంది ఉండేది. మాది తాతగారు కట్టించిన ఇల్లు, గోడలు చాలా మందం. హాల్లో ఉన్న రౌటర్ సిగ్నల్ వెనక గదికి వచ్చేసరికి నీరసించిపోయేది. వేగమైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు గోడలంటే మరీ కష్టం. సిగ్నల్ పెంచే పరికరాలు రెండు కొని విసిగాక, హాలు నుంచి నా బల్ల దాకా గోడ వెంబడి కేబుల్ లాగించాను. చివరికి అదే చవకగా తేలింది, అప్పటి నుంచి దాన్ని ముట్టుకోవలసిన పని పడలేదు.

కుర్చీ సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఏడాదిన్నర భోజనాల బల్ల కుర్చీలో కూర్చుని నడుము నొప్పి తెచ్చుకున్నాను. ఎత్తు, చేతులు సర్దుకునే కుర్చీని పదకొండు వేలు పెట్టి కొన్నాను. మొదటి నెలలోనే కొనవలసింది.

ఇంట్లోవాళ్లతో కుదుర్చుకోవడానికి మాత్రం ఏ దుకాణంలోనూ వస్తువు దొరకదు. "అమ్మాయ్, గ్యాసు బండ వచ్చింది, కాస్త చూడు" అని మా అమ్మ మీటింగు మధ్యలో తలుపు తీసేది. మొదట్లో విసుక్కున్నాను. ఒకరోజు గట్టిగానే అన్నాను. అప్పుడు అమ్మ అంది: "నువ్వు ఇంట్లో ఉన్నావంటే నాకు ధైర్యంగా ఉంటుందే. ఉన్నదాన్ని పిలవకుండా ఎలా ఉండను?" ఆ మాటతో నా కోపమంతా పోయింది. నా పనిని ఆమె చిన్నచూపు చూస్తోందని అన్నాళ్లూ పొరబడ్డాను. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. తలుపు గడియ వేసి ఉంటే కాల్‌లో ఉన్నట్టు, ఇల్లు కాలితే తప్ప పిలవకూడదు. దగ్గరగా వేసి ఉంటే పనిలో ఉన్నట్టు, అవసరమైతే రావచ్చు. బార్లా తీసి ఉంటే ఖాళీ. పదకొండింటికీ నాలుగింటికీ నేనే బయటికి వచ్చి అమ్మతో కాఫీ తాగుతాను. ఈ ఒప్పందం నాలుగేళ్లుగా నిలబడింది. నేను గడియ వేయడం మరిచిపోయిన రోజులు తప్ప, అమ్మ ఒక్కసారి కూడా మీరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కరెంటు, కుర్చీ, గది అన్నీ అమరినా మా టీమ్ పని సరిగా సాగేది కాదు. కారణం మాకు 2022లో తెలిసింది.

ఆ ఏడాది జూన్ చివర్లో చండీగఢ్‌లో జీఎస్టీ మండలి సమావేశమైంది. రోజుకు 5000 రూపాయలు దాటిన ఆసుపత్రి గదుల అద్దె మీద 5 శాతం పన్ను జూలై 18 నుంచి అమల్లోకి వచ్చింది. ఐసీయూకు మినహాయింపు ఇచ్చారు. చూడటానికి చిన్న మార్పే. నలభై నిమిషాల కాల్‌లో మాట్లాడుకుని ఎవరి పనికి వాళ్లం వెళ్లాం. ఆ కాల్‌లో ఒకరు "ఐదు వేల పైన" అన్నారు. ఇంకొకరు అదే మాటను తిప్పి చెబుతూ "ఐదు వేలు, ఆపైన" అన్నారు. వినేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, లెక్కలో కావు. మొదటి మాట ప్రకారం సరిగ్గా 5000 ఉన్న గదికి పన్ను లేదు. రెండోదాని ప్రకారం ఉంది. విశాఖలో ఉన్న సహోద్యోగికి ఆ రోజు లైను సరిగా లేదు. చివర్లో వినబడ్డ రెండో మాటనే ఆయన ప్రోగ్రాములో పెట్టాడు. నేను నాలుగు వేల గదితో, ఆరు వేల గదితో పరీక్షించాను. రెండూ సరిగా వచ్చాయి. సరిగ్గా ఐదు వేలతో చూడలేదు. హద్దు దగ్గర చూడటం నా వృత్తిలో మొదటి పాఠం. ఆ తప్పు నాదే, ఇప్పటికీ గుర్తొస్తుంది.

అమలుకు ముందు నమూనా బిల్లులు తీసి చూస్తున్న ఒక ఆసుపత్రి అకౌంటెంటు దాన్ని పట్టుకున్నాడు. వాళ్ల గదులు ఎక్కువగా 5000వే. రోజుకు 250 రూపాయల అదనపు పన్ను పడుతోంది. ఆయన చూసి ఉండకపోతే అది రోగుల చేతికి వచ్చే బిల్లుల్లోకి వెళ్లేది. దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. ఎవరు ఏమన్నారన్నది తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది, అయినా తేలలేదు. "నేను విన్నదే పెట్టాను" అని విశాఖ సహోద్యోగి మెల్లగా అన్న మాట అందరినీ నొప్పించింది, ఎందుకంటే అది నిజం. ఒకే ఆఫీసులో ఉంటే మధ్యాహ్నం భోజనం దగ్గర "అదే, ఐదు వేలు దాటితేనే కదా" అని ఎవరో ఒకరు అనేవారు, అక్కడే సరిపోయేది. ఊరికొకరుగా ఉన్నవాళ్లకు ఆ భోజనం బల్ల లేదు.

దాని స్థానంలో ఏం పెట్టాలన్నది నాకు తెలుగు వికీపీడియాలో కనిపించింది. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో నేను అప్పుడప్పుడు దిద్దుబాట్లు చేస్తుంటాను. అక్కడ రాసేవాళ్లలో చాలామంది ఒకరినొకరు చూసుకోకుండానే ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నారు. ప్రతి వ్యాసానికీ చర్చ పేజీ ఉంటుంది. అందరికీ సంబంధించిన విషయాలకు రచ్చబండ ఉంది. మాట కింద సంతకం, తేదీ, సమయం ఉంటాయి. పేజీ చరిత్ర తెరిస్తే ఏ మార్పు ఎప్పుడు ఎవరు చేశారో కనబడుతుంది. కొత్తవాళ్లు ఎప్పుడు వచ్చినా పాత చర్చ చదువుకుని అక్కడి నుంచి అందుకోవచ్చు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు కలిసి కట్టే పనికి రచ్చబండ ఉండాలి, దాని మీద జరిగిన మాట రాతలో మిగలాలి. మా టీమ్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు ముందు ఎవరూ ఉత్సాహపడలేదు. "ఉన్న పని చాలక రాత పని కూడానా" అన్నారు. నెల రోజులు చేసి చూద్దామన్నాను.

మా నిర్ణయాల పేజీ అలా మొదలైంది. కాల్‌లో తేలిన విషయం అక్కడ రాసేవరకు తేలనట్టే. తేదీ, ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏ ప్రత్యామ్నాయాన్ని వద్దనుకున్నాం, ఎవరు చేస్తారు: ఇవన్నీ ఐదారు వాక్యాల్లో రాయాలి. హద్దులున్న చోట ఉదాహరణ తప్పనిసరి: 4999కి ఎంత, 5000కి ఎంత, 5001కి ఎంత. వద్దనుకున్నదాన్ని కూడా రాయాలని నేను పట్టుబట్టాను. లేకపోతే ఆరు నెలలకు అదే చర్చ మళ్లీ మొదలవుతుంది. రాసే బాధ్యత వారానికొకరిది. ఎప్పుడూ ఒక్కరే రాస్తే అది ఆ ఒక్కరి పేజీ అవుతుంది, మిగతావాళ్లు చదవడం మానేస్తారు.

ఈ పద్ధతి ఎంత పనికొచ్చిందో 2025 సెప్టెంబరులో తెలిసింది. ఆ నెల 3న జీఎస్టీ మార్పులు ప్రకటించారు, 22 నుంచి అమలు. చాలా మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ప్రాణాధారమైన 33 మందుల మీద పూర్తిగా పోయింది. మధ్యలో ఉన్నవి పంతొమ్మిది రోజులు. ఆసుపత్రిలో చేరినవారికి ఇచ్చే మందుల లెక్క వేరు, బయటి రోగులకు మందుల దుకాణంలో అమ్మే వాటి లెక్క వేరు. పాత ధర ముద్రించిన నిల్వ సరుకు ఉంది, 21న కొన్న మందును 23న తిరిగి ఇస్తే ఏ పన్ను లెక్క కట్టాలన్న ప్రశ్న ఉంది. 2022లోని గది అద్దెతో పోలిస్తే ఇది చాలా చిక్కుముడి. అయినా ఆ పంతొమ్మిది రోజుల్లో మేం పెట్టుకున్న పెద్ద కాల్స్ మూడే. మిగతాదంతా పేజీలో జరిగింది. నేను రాత్రి ప్రశ్న రాసి పడుకుంటే, డాలస్‌వాళ్లు వాళ్ల పగటిపూట చూసి జవాబు రాసేవారు, తెల్లారేసరికి నాకు పని సిద్ధంగా ఉండేది. 22న బిల్లులు తప్పు లేకుండా వెళ్లాయి.

లోపాలు కూడా చెప్పాలి. అన్నిటికన్నా పెద్దది కొత్తవాళ్ల విషయంలో కనిపించింది. 2023లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక కుర్రవాడు చేరాడు. చదువు అయిన వెంటనే ఇదే మొదటి ఉద్యోగం. నాలుగు రోజులు ఒకే చోట ఆగిపోయి కూడా గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు. అయిదో రోజు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: "మేడమ్, అందరి ముందు అడిగితే ఇది కూడా తెలియదా అనుకుంటారేమోనని భయంగా ఉంది." ఇందులో అతని తప్పేమీ లేదు. తరగతిలో లేచి ప్రశ్న అడిగినవాణ్ని కూర్చోబెట్టే చదువుల్లోంచి వచ్చాం మనలో చాలామందిమి. అందరి ముందు రాయమంటే, తెలిసినవాళ్లకు వచ్చినంత తేలిగ్గా తెలియనివాళ్లకు రాదు. పేజీ ఎంత బాగున్నా మొదటి రెండు నెలలు కొత్తవారి పక్కన మనిషి ఉండాలి. అప్పటి నుంచి రోజూ ఉదయం ఒక గంట అతనూ నేనూ కాల్ తెరిచి పెట్టుకుని ఎవరి పని వాళ్లం చేసుకునేవాళ్లం. మధ్యలో అడిగేవాడు. మూడు వారాలకు "మేడమ్" పోయి "అక్కా" వచ్చింది. ఆ తర్వాత నన్ను విడిగా అడిగిన ప్రశ్నల్లో ఒకదాన్ని రోజూ గ్రూపులో పెట్టమన్నాను. పెట్టిన మొదటిరోజే హైదరాబాదులోని సీనియర్ ఒకాయన "నాకూ ఇది తెలియదు" అని రాశాడు. నేను గంటల తరబడి చెప్పిన ధైర్యం కన్నా ఆ ఒక్క వాక్యం ఎక్కువ పనిచేసింది.

ముఖాముఖి కలవకుండా ఎల్లకాలం సాగుతుందని నేను అనను. ఏడాదికి రెండుసార్లు హైదరాబాదులో మూడేసి రోజులు కలుస్తాం. డాలస్‌వాళ్లకు వీలు కాదు, అది వెలితే. కలిసి వచ్చాక కొన్ని నెలలపాటు రాతలో ముభావం తగ్గడం నేను ప్రతిసారీ గమనించాను. మనిషి గొంతు తెలిసినప్పుడు "ఇది సరికాదు" అన్న మాటను కోపంగా చదువుకోం.

రెండో లోపం వేళలు. వేసవిలో డాలస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక అది పదకొండున్నర అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. వాళ్ల ఉదయం ఎనిమిదిన్నర మీటింగు మనకు వేసవిలో రాత్రి ఏడింటికి, చలికాలంలో ఎనిమిదింటికి. మూడు చలికాలాలు అందరం ఇక్కడ రాత్రి భోజనం వెనక్కి జరుపుకున్నాం. చిన్నపిల్లలున్న ఒక సహోద్యోగి, వాళ్లను నిద్రపుచ్చే వేళ తనకు ఎప్పుడూ దొరకడం లేదని నిర్ణయాల పేజీలోనే రాశాడు. అప్పటి నుంచి చలికాలంలో ఒక వారం వాళ్లు పెందలాడే లేస్తారు, ఒక వారం మేం ఆలస్యంగా తింటాం. ఇలాంటి భారాన్ని పంచుకోని టీమ్‌లో నేనైతే చేరను.

2021లో కొన్నాళ్లు ల్యాప్‌టాప్ తెరను ఫొటోలు తీసే ప్రోగ్రామును మా చేత పెట్టించారు. ఆ నెలల్లో జనం తెర మీద కదలిక చూపించడానికి శ్రమపడ్డారు, పని తగ్గింది. తర్వాత తీసేశారు. మీరు చేరబోయే చోట అది ఉందేమో ముందే అడగండి.

ఇన్వర్టర్ బ్యాటరీ ఈ మధ్య గంటన్నరకే చేతులెత్తేస్తోంది. డిస్టిల్డ్ వాటర్ వేళకు పోశాను, అయినా ఐదేళ్లు దాటింది కాబట్టి వింతేమీ లేదు. ఎండలు ముదిరేలోగా మార్చాలి. మళ్లీ 150 ఏహెచ్ ట్యూబులరే తీసుకుంటాను.