నాలుగేళ్ల తర్వాత కూడా నాకు నచ్చేది ఆ మూతే

మా హాల్లో గుమ్మం పక్కనుంచి మొదలై, మూల తిరిగి, టీవీ దాకా గోడ అడుగున, తీగలు కనపడకుండా దాచే తెల్లటి పీవీసీ కేసింగ్ వేసి నాలుగేళ్లు దాటింది. వెనక గమ్ టేపు, ముందు నొక్కితే టక్కుమని పట్టుకునే మూత ఉన్న రకం. చూడటానికి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, ఆ వివరాల జోలికి పోను. నేను చెప్పాలనుకుంటున్నది ఆ మూత గురించి.

కొన్న రోజు మూతని అసలు పట్టించుకోలేదు. రంగు గోడలో కలిసిపోతుందా, లావుగా కనిపిస్తుందా అనే చూశాను. తీగలు కనపడకుండా పోతే చాలు, మళ్లీ వాటి ముఖం చూడక్కర్లేదనుకున్నాను. కానీ ఈ నాలుగేళ్లలో ఆ మూత ఎన్నిసార్లు తీశానో లెక్కే లేదు. టీవీ మార్చినప్పుడు తీశాను, రౌటర్ మార్చినప్పుడు తీశాను, స్పీకర్ పెట్టినప్పుడు తీశాను. ఇదివరకు ఉన్న ఇంట్లో టీవీ తీగల కోసం గోడ లోపల సన్నటి పైపు వేయించి ఉండేది. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉండేది. హెచ్‌డీఎంఐ తీగ పాడైన రోజు అసలు సంగతి తెలిసింది. దాని ప్లగ్గు దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, ఆ పైపు మలుపులో అది తిరగనే తిరగదు. చివరికి కొత్త తీగ గోడ మీదనే వేలాడుతూ ఉండిపోయింది. ఈ కేసింగ్‌లో ఆ గొడవ లేదు. చివర్లో పాత ప్లాస్టిక్ కార్డు అంచు దూర్చి కాస్త పైకి లేపితే, కుట్టు విప్పినట్టు మూత వరసగా ఊడి చేతిలోకి వస్తుంది. తీగని లాగక్కర్లేదు, పడుకోబెట్టి మూత వేసేయడమే.

అయితే దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది మూడో ఏడాదిలో, ఇంటర్నెట్ ఆగి ఆగి రావడం మొదలైనప్పుడు.

ఉన్నట్టుండి రౌటర్ మీద ఎల్‌వోఎస్ అనే లైటు, అంటే సిగ్నల్ అందట్లేదని చెప్పేది, ఎర్రగా వెలిగేది, పది నిమిషాలకి దానంతట అదే ఆరిపోయేది. ఆపి ఆన్ చేశాను, అడాప్టర్ మార్చి చూశాను, లాభం లేదు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే లైను బాగానే ఉందన్నారు. అదే వారంలో మా అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష. పరీక్ష మధ్యలో లైటు ఎర్రగా మారితే ఏం చేయాలని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. పక్కనే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాం.

మూడో రోజు కంపెనీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. రౌటర్ నుంచి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగ ఊడదీసి, సిగ్నల్ బలం కొలిచే అరచేతిలో పట్టే మీటర్‌కి తగిలించాడు. అందులో మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మైనస్ 29 చూపించింది. "మైనస్ 27 దాటి పోతే ఈ డబ్బా సరిగ్గా పట్టుకోదండీ" అన్నాడు. తర్వాత గుమ్మం దగ్గర లైను లోపలికి వచ్చేచోట పెట్టి చూస్తే మైనస్ 20. అంటే బయట లైను బాగానే ఉంది, లోపం మా కేసింగ్‌లో ఉన్న నాలుగైదు మీటర్లలోనే. అతను గోడ వైపు చూసి, "ఈ తీగ మొత్తం మార్చాలేమోనండీ, ఇదంతా పీకమంటారా?" అన్నాడు. ఉండు బాబూ అని నేను కూర్చుని మూత తీశాను.

మూల ముక్క తీయగానే కనిపించింది. ఫైబర్ తీగ గోడ మూలలోకి కాగితం మడిచినట్టు మడత పడి ఉంది. దాని మీద నేను తర్వాత వేసిన లావుపాటి స్పీకర్ తీగ బిగుతుగా ఒత్తుతోంది. అంతకు కొన్ని రోజుల ముందే స్పీకర్ ఉన్న బల్లని పక్కకి జరిపాం, ఆ తీగ సాగి దీన్ని మూలకి నొక్కేసింది. ఎవరైనా బల్లకి తగిలితే ఒత్తిడి పెరిగి లైను పోయేది, వదులైతే మళ్లీ వచ్చేది. ఆ కుర్రాడు మడత నెమ్మదిగా విప్పి, గాజంత గుండ్రంగా వంపు తిప్పి మళ్లీ మీటర్ పెట్టాడు. మైనస్ 21. కొత్త తీగ అక్కర్లేకపోయింది. మూత తీసిన దగ్గర్నుంచి పది నిమిషాలు పట్టిందేమో. పరీక్ష ఆటంకం లేకుండా గడిచింది.

ఫైబర్‌లో పోయేది వెలుతురు. బాగా వంచితే ఆ వంపు దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది. మామూలు రకం తీగని 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగుతుగా వంచకూడదు. ఇళ్ల లోపల వేసే వంపు తట్టుకునే రకాలు 10, 7.5 మిల్లీమీటర్ల దాకా ఓర్చుకుంటాయి. కానీ సన్న కేసింగ్ మూల ముక్కలో ఆ మాత్రం చోటు కూడా మిగలదు, పక్కన ఇంకో రెండు తీగలుంటే అసలే మిగలదు. రాగి తీగలకి ఫరవాలేదు గానీ, ఫైబర్‌ని ఆ ముక్కలోంచి తిప్పకండి. నేను ఆ మూల ముక్క తీసేసి ఒక చిన్న చదరపు జంక్షన్ డబ్బా పెట్టాను, అందులో తీగ విశాలంగా తిరుగుతుంది.

ఇక గమ్ టేపు సంగతి. మొదటి ఆరు నెలలు దీన్ని అందరికీ చెప్పి మెచ్చుకున్నాను. డ్రిల్లు అక్కర్లేదు, అంటిస్తే చాలు అని. ఆ మాట ఇప్పుడు అంత ధీమాగా అనలేను. నీడపట్టున ఉన్న గోడ మీద వేసిన ముక్కలు ఇప్పటికీ కదల్లేదు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడే చోట ఉన్న రెండు మీటర్ల ముక్క మాత్రం రెండో వేసవిలో విల్లులా వంగి, ఒక రాత్రి ఊడి కింద పడింది. దాంతో పాటు అరచేయంత మేర రంగు పెచ్చుగా వచ్చేసింది. పీవీసీ వేడికి సాగుతుంది. రెండు మీటర్ల ముక్క 25 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లకి పైనే పెరుగుతుంది. నేను రెండు చివర్లా గోడకి ఆనేలా బిగించాను, సాగడానికి చోటు లేక పైకి లేచింది. తప్పంతా టేపుదే అనను. గట్టి పట్టు వచ్చే టేపులకి కూడా పూర్తి బలం రావడానికి మూడు రోజుల దాకా పడుతుంది, నేను గంటలోపే తీగలు నింపేశాను. ఆ గోడ మీద అరచేయి రుద్దితే తెల్లటి పొడి అంటుకునేది, దాన్ని తుడవకుండానే అంటించాను.

ఆ ముక్కని ఈసారి స్క్రూలతో బిగించి, చివర్లో చిన్న సందు వదిలాను. స్క్రూ తలలు మూత కిందే ఉండిపోయాయి, బయటికి కనిపించవు. ఇక్కడ కూడా పని చేసింది ఆ మూతే.

మూతకీ ఒక హద్దుంది. ఎక్కువగా తీసే చోట, అంటే టీవీ దగ్గరి చివరి జానెడు ముక్కలో, అంచు తెల్లబడి పట్టు వదులైంది. ఇప్పుడు టక్కుమనదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. సగానికి మించి తీగలు నింపితే కొత్త మూత కూడా సరిగ్గా పడదు. కరెంటు తీగలని మాత్రం ఇందులోకి రానివ్వలేదు, వాటికి వేరే పట్టీ వేశాను. మూత తీసి వేళ్లు పెట్టే చోట కరెంటు తీగ ఉండటం నాకు ఇష్టం లేదు. పైగా అన్నీ గుత్తిగా కలిపి మూసేస్తే వేడి బయటికి పోదు.

తీసి చూసుకునే మూత ఉండాలన్న మాట నీళ్ల పైపుల దగ్గర ఇంకా గట్టిగా చెప్తాను. మా వాష్‌బేసిన్ కింద పైపులు కనపడకుండా చెక్క పెట్టి, అంచులకి సిలికాన్ పూసి మూసేశారు. లోపల జాయింట్ దగ్గర చుక్క చుక్కగా కారుతుంటే మాకు తెలిసింది చెక్క ఉబ్బి అడుగున నల్లబడ్డాకే. ఇప్పుడు ఆ చెక్కకి అయస్కాంతాలు పెట్టించాను, లాగితే వచ్చేస్తుంది. నెలకోసారి లోపల చేయి పెట్టి తడి ఉందేమో చూసుకుంటాను.

మాది సొంత ఇల్లు, రంగు పోయినా మళ్లీ వేసుకోగలం. మా ఇంట్లో వస్తువులు తరచూ చోటు మారుతుంటాయి. మూత పీకే వయసు పిల్లలు కూడా లేరు. అందుకే ఇది మాకు సరిపోయింది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు టేపు పెట్టేముందు గోడ మూలలో ఒక చిన్న ముక్క అంటించి, వారం తర్వాత తీసి రంగు వస్తోందో లేదో చూసుకోవాలి. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు నన్నడిగితే వెడల్పాటి పైపు గోడలోనే వేయించుకుని, లోపల లాగడానికి ఒక దారం వదిలేయమంటాను, అది ఇంతకంటే అందంగా ఉంటుంది. ఆ అవకాశం లేనివాళ్లకి నాకు తెలిసినంతలో ఇదే మేలు.

పడకగదికి కూడా ఇదే రకం తెచ్చి పెట్టాను, ఈసారి ఒక సైజు పెద్దది, స్క్రూలతో సహా. అక్కడ బల్ల ఏ గోడకి వేయాలో ఇంకా తేలలేదు. తేలాక మొదలుపెడతాను.