ఏడున్నర వేల పాల యంత్రమూ, అటక మీది ఫ్లాస్కూ

ఉగాదికి బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఒక పెట్టె పంపాడు. లోపల తెల్లటి కూజాలాంటి యంత్రం. సోయా, బాదం, ఓట్సు, బియ్యం, ఏ గింజ వేసినా అరగంటలో పాలు చేస్తుందట. పెట్టె మీది ధర చీటీ చింపడం మరిచిపోయాడు: 7,490 రూపాయలు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం మిల్లులో 34 ఏళ్లు గుమాస్తాగా లెక్కలు రాశాను. ధర కంటపడ్డాక లెక్క వేయకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. మూడు నెలలు వాడి, ఒక పాత డైరీలో రాసుకున్న లెక్కలే ఇవి. కంపెనీ పేరు రాయను. ఇలాంటి యంత్రాలన్నీ దాదాపు ఒకే మూసలో పోసినట్టున్నాయి.

ఇదంతా మా ఆవిడ కాఫీ కోసం. నాలుగేళ్లుగా ఆమెకు పాలు పడడం లేదు. తాగిన అరగంటకు కడుపు ఉబ్బి గడగడలాడుతుంది. పాలలో ఉండే లాక్టోజు అనే చక్కెర అరగడం లేదని డాక్టరు చెప్పారు. పెరుగు మాత్రం కొద్దికొద్దిగా తినవచ్చన్నారు, తోడులోని బాక్టీరియా ఆ చక్కెరలో కొంత ముందే తినేస్తుంది కనుక. పెరుగన్నం దక్కింది, కాఫీ పోయింది. ఉత్త డికాషన్ ఇస్తే, ‘‘ఇది కాఫీ కాదండీ, జ్వరం కషాయం’’ అని గ్లాసు పక్కన పెట్టేస్తుంది. సోయా వాసన ఆమెకు గిట్టదు. రోజూ బాదం అంటే నా గుండె ఒప్పుకోదు. ఇక మిగిలింది బియ్యం.

యంత్రం రాకముందే ట్రంకు రోడ్డులో ఒక పెద్ద దుకాణంలో బియ్యం పాల డబ్బా ఒకటి కొన్నాను. లీటరు 250 రూపాయలు దాటింది. దాని మీద ‘పాలు’ అన్న మాట ఎక్కడా లేదు, ‘బియ్యం పానీయం’ అని ఉంది. మొక్కల నుంచి తీసినవాటికి పాలు అన్న పేరు వాడవద్దని 2021లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ చెప్పింది కదా, అందుకు. నన్ను తికమక పెట్టింది అది కాదు. చక్కెర కలపలేదని డబ్బా మీద రాశారు, తాగితే తియ్యగా ఉంది. బియ్యం, నీళ్లు, నూనె, ఉప్పు, ఇంతే సరుకు. తీపి ఎక్కడిది? ఎన్ని వేల బస్తాలు లెక్కపెట్టినవాడినైనా నాకు తెలియలేదు. ఈ ప్రశ్నను పక్కన పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

యంత్రంలో బియ్యానికి రెండు పద్ధతులు. ఒకటి చల్లగా, ఒకటి వేడిగా.

మొదట చల్లనిది. ఏడాది పాతబడిన సాంబ మసూరి తీసుకున్నాను. అదే బీపీటీ 5204, బాపట్లలో తయారై 1986లో విడుదలైన రకం. అరవై గ్రాములు రాత్రి నానబెట్టి, పొద్దున ముప్పావు లీటరు నీళ్లతో వేశాను. నాలుగు నిమిషాలు మిల్లులో హల్లరు తిరిగినట్టు రొద. మూత తీస్తే నిజంగానే పాలు! గేదె పాలంత తెలుపు. మా ఆవిడ ముఖం వెలిగింది. డికాషన్ దిగేలోపు గిన్నె అడుగున వేలెడు మందాన తెల్లటి పిండి పేరుకుంది, పైన ఉత్త నీళ్లు. తిప్పి తిప్పి కాఫీలో పోసి పొయ్యి మీద పెట్టాం. అప్పటిదాకా పల్చగా ఉన్నది ఒక్కసారిగా చిక్కబడింది. చెంచా నిలబడేంత కాదు గానీ, గ్లాసు వంచితే ఆలోచించి ఆలోచించి దిగేంత.

‘‘ఏమండీ, దీన్ని తాగాలా, పోపు పెట్టాలా?’’ అంది.

తప్పు యంత్రానిది కాదు. బియ్యంలో ఉన్నదంతా పిండి. చల్లటి నీళ్లలో ఆ పిండి కరగదు, రేణువులుగా తేలి, కాసేపటికి అడుగుకు దిగుతుంది. వేడి 70 డిగ్రీల దరిదాపులకు చేరితే ఆ రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. దాన్నే మనం జావ అంటాం. మా అవ్వ రోజూ కాచేది. దానికి పాలని పేరు పెట్టినంత మాత్రాన అది కాఫీలో కలవదు.

గుమాస్తా బుద్ధి కొద్దీ వడకట్టగా మిగిలిన పిప్పి ఎండబెట్టి తూచాను. అరవై గ్రాముల్లో 14 గ్రాములు పిప్పి. అంటే నూటికి 77 పాళ్లు పాలలోకి దిగింది. మిల్లులు క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం ఇవ్వాలని ప్రభుత్వం లెక్క. ఆ రకంగా చూస్తే మా మిల్లు కంటే ఇదే నయం.

రెండో పద్ధతి వేడిది. 28 నిమిషాలు తనే ఉడికించి తనే రుబ్బుతుంది. పుస్తకంలో చెప్పిన కొలతే వేశాను. పదిహేనో నిమిషంలో మూత కింద నుంచి గంజి పొంగి గట్టు మీదుగా పారింది. ఆ వెంటనే కీచుమని మూడు సార్లు అరిచి, అద్దం మీద ఒక అక్షరం, ఒక అంకె చూపించి ఆగిపోయింది. సాయం కోసం ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే ఇరవై నిమిషాల సంగీతం తర్వాత ఒక అమ్మాయి పలికింది. ఎంతో మర్యాదగా అడిగిన మొదటి ప్రశ్న: ‘‘సర్, బియ్యం కడిగి వేశారా?’’ నా జన్మలో నన్ను ఆ మాట అడిగినవారు లేరు. తర్వాత నేనే కనుక్కున్నాను. జార్ లోపల నీటిమట్టం కొలిచే చిన్న కడ్డీ ఉంది. దానికి గంజి పొర పట్టుకుంటే యంత్రానికి జార్ ఎంత నిండిందో తెలియదు. మరి బియ్యం పేరుతో ప్రత్యేకంగా ఒక మీట పెట్టినవారు ఒక్కసారైనా బియ్యం వేసి చూశారా అన్నది నా అనుమానం. బియ్యం నలభై గ్రాములకు తగ్గిస్తే పొంగదు. కానీ వచ్చేది మళ్లీ జావే, కాస్త నాగరికమైన జావ.

బియ్యం మార్చి చూశాను. ఉప్పుడు బియ్యంతో ఒక రకమైన పాత గోతాం వాసన. నూకలతో పిండి మరీ ఎక్కువ. మా ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రం తయారుచేసిన నెల్లూరు 34449 రకం రుచిలో సాంబ మసూరికి తీసిపోలేదు, పైగా కిలోకు నాలుగు రూపాయలు తక్కువకు దొరికింది. కొత్త బియ్యం మాత్రం వద్దు, బంకలా సాగుతుంది. ఎడగారు అనే రెండో పంట వడ్లు మిల్లుకు వచ్చిన రోజుల్లో ఇంటికి ఆ బియ్యం తీసుకెళ్లవద్దని మా యజమాని పనివాళ్లకు చెప్పేవారు, ఆ మాట ఇక్కడా పనికొచ్చింది. నెల్లూరుకు పేరు తెచ్చిన పాత రకం బియ్యం మొలగొలుకులతో చేయమని ఒక మిత్రుడి సలహా. అసలు మొలగొలుకులు ఇంటికి వస్తే అన్నం వండి పప్పు, నెయ్యి వేసుకుంటాను గానీ రుబ్బి వడకట్టే పాపం చేయను. ఆ పేరు రాసిన బస్తాలన్నిటిలోనూ ఆ బియ్యమే ఉంటుందని నమ్మేంత అమాయకుణ్ణి కూడా కాదు. వడ్ల వ్యాపారం మధ్యనే పుట్టి పెరిగాను.

ఆ దశలో యంత్రాన్ని తిరిగి పెట్టెలో పెట్టేసేవాడినే. ఆత్మకూరు నుంచి మా చెల్లెలు వచ్చింది. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన మనిషి. మా కాఫీ జావ చూసి నవ్వి, ‘‘అన్నా, పిల్లల జావ పల్చబడాలంటే మేము మొలకల పిండి ఒక చెంచా వేసేవాళ్లం. వేసి చూడు’’ అంది. పల్చబడాలని పిండి వేయడమా? మర్యాదకు వేశాను. గోరువెచ్చగా ఉన్న చిక్కటి జావలో చెంచాడు మొలకెత్తిన రాగి పిండి వేసి తిప్పాను. పావుగంటలో గరిటె తేలికైంది. అరగంటకు నీళ్లలా జారింది. నాలుక మీద వేసుకుంటే తియ్యన!

డబ్బా రహస్యం ఇదే. గింజ మొలకెత్తేటప్పుడు లోపల అమైలేజు అనే ఎంజైము పుడుతుంది. అది పిండిని కత్తిరించి మాల్టోజు అనే చక్కెరగా మారుస్తుంది. కంపెనీలు ఎంజైమునే విడిగా కలుపుతాయి. అందుకే చక్కెర వేయకుండానే తీపి. పిండి తెగిపోయింది కనుక మళ్లీ కాచినా చిక్కబడదు. మా ఆవిడ కాఫీ సమస్యకు జవాబు మా చెల్లెలి చెంచాలో ఉంది.

ఇప్పుడు మేము చేసే విధానం చెబుతాను. అరవై గ్రాముల బియ్యం ముప్పావు లీటరు నీళ్లలో మెత్తగా ఉడికించి, చల్లారాక మిక్సీలో గంధంలా తిప్పుతాం. మళ్లీ 65 డిగ్రీలకు వేడి చేస్తాం. ఇందుకోసం 350 రూపాయలు పెట్టి థర్మామీటరు కొన్నాను, అదీ లెక్కలో రాశాను. మొలకల పిండి చెంచాడు కలిపి ఫ్లాస్కులో పోసి బిరడా బిగించి 40 నిమిషాలు వదిలేస్తాం. ఇది మా పెళ్లికి వచ్చిన ఫ్లాస్కు, మూత సొట్టపడి అటక మీద ఉండేది. తర్వాత తీసి ఒకసారి బాగా కాచి, పల్చటి మల్లు గుడ్డలో వడకట్టి, చిటికెడు ఉప్పు, చెంచాడు పొద్దుతిరుగుడు నూనె వేసి మిక్సీలో అర నిమిషం. నూనె అంటే ముఖం చిట్లించకండి, అది లేకపోతే నోటికి ఉత్త తియ్యనీళ్లలా ఉంటుంది. రాగి పిండితో పాలు కాస్త మట్టిరంగుకు తిరుగుతాయి. ఇప్పుడు గోధుమ మొలకలు వాడుతున్నాం. గోధుమలు 12 గంటలు నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలక వచ్చాక నీడన ఎండబెట్టి పొడి చేయాలి. కమ్మదనం కోసం వేయించారో, ఎంజైము చస్తుంది. మొదటి విడత నేను అలాగే చంపాను.

మరి ఈ పని యంత్రం చేయలేదా అంటే చేయలేదు. దానికి తెలిసినవి రెండే, చల్లన, సలసల. ‘వెచ్చగా ఉంచు’ అని ఒక మీట ఉంది. నొక్కి థర్మామీటరు పెట్టి చూస్తే 80 దాటింది, ఆ వేడికి ఎంజైము ఎక్కువసేపు నిలవదు. 65 దగ్గర ముప్పావుగంట ఆగే మీట ఒక్కటి పెట్టి ఉంటే ఈ సమీక్ష వేరుగా ఉండేది.

ఖర్చు చూడండి. కిలో 58 రూపాయల బియ్యం అరవై గ్రాములకు మూడున్నర, మొలకల పిండి, నూనె, గ్యాసు కలిపి మరో మూడు. దాదాపు 650 మిల్లీలీటర్ల పాలకు ఆరున్నర రూపాయలు. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచుతాం, మూడో రోజు పులుపు తగులుతుంది.

కాఫీ ఎలా ఉందంటారా? గేదె పాల కాఫీ తాగి పెరిగిన నాలుకకు ఇది కాఫీ బంధువు, అదీ దూరపు బంధువు. డికాషన్ కాస్త చిక్కగా దించి, చక్కెర సగం వేస్తే సరిపోతుంది. మా ఆవిడ పూటకు ఒక గ్లాసు తాగుతోంది, కడుపు మాట్లాడడం లేదు.

రెండు హెచ్చరికలు. మా కోడలు, ‘‘మామయ్యా, బాబుకు కూడా ఇవి పోద్దామా?’’ అని అడిగింది. వాడికి రెండేళ్లు. వద్దన్నాను. గ్లాసుడు ఆవు పాలలో ఎనిమిది గ్రాముల మాంసకృత్తులు ఉంటే ఇందులో ఒక గ్రాము ఉంటే గొప్ప. ఇంట్లో చేసినదానిలో కాల్షియం కూడా చెప్పుకోదగినంత ఉండదు. పైగా నిలవ నీళ్లలో పెరిగే వరి నేలలోని ఆర్సెనిక్‌ను మిగతా పంటల కంటే ఎక్కువగా లాగుతుంది. అందుకే అయిదేళ్లలోపు పిల్లలకు పాలకు బదులు బియ్యం పానీయాలు ఇవ్వవద్దని బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవే చెబుతోంది. రెండోది నా సంగతి. నాకు చక్కెర వ్యాధి ఉంది. చక్కెర వేయలేదు కదా అని ఒక రోజు రెండు గ్లాసులు తాగి, రెండు గంటల తర్వాత వేలు గుచ్చి చూసుకుంటే 231. మాల్టోజు కూడా చక్కెరే. లెక్కలు తెలిసినవాడు చేయాల్సిన పని కాదు.

యంత్రాన్ని మరీ తీసిపారేయను. బాదం పాలు చక్కగా చేస్తుంది, గుడ్డతో పిండే పని లేదు. టమాటా సూపు మా అబ్బాయి వచ్చినప్పుడు రెండుసార్లు చేశాం, బాగుంది. మోటారు గట్టిది. ‘తనంతట తానే కడుక్కుంటుంది’ అన్నది మాత్రం సగం అబద్ధం. కత్తి కింద గంజి ఎండి అట్టకడుతుంది, పాత పళ్ల బ్రష్షు లేనిదే పోదు. మూత వాషర్ రెండో నెలలోనే సాగింది. కొత్తది చెన్నై నుంచి తెప్పించడానికి 380 రూపాయలు, తొమ్మిది రోజులు.

అయిదుకు రెండున్నర మార్కులు ఇస్తున్నాను, ఆ అర మార్కు బాదం పాలకు. బియ్యం పాల కోసమే అయితే కొనవద్దు, మీ మిక్సీ చాలు. ఇప్పటికే కొన్నవారికి ఒక మాట. జార్ లోపల ‘గరిష్ఠం’ అని ఒక గీత ఉంటుంది. బియ్యం వేసినప్పుడు నీళ్లు ఆ గీతకు రెండు వేళ్లు కిందే ఆపండి, గట్టు తుడుచుకునే పని తప్పుతుంది.