పాస్టెల్‌మ్యాట్ ప్యాడ్ రివ్యూ: రంగు బాగా పట్టుకుంటుంది, ఆపే పని మాత్రం మనదే

ముందే చెప్పేస్తున్నా, పేపర్ బాగుంది, కొనొచ్చు, తొందర్లో ఉన్నవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. మిగతాదంతా ఇది కొన్నాక నేను రెండు మంచి బొమ్మలు ఎలా పాడుచేసుకున్నానో, మూడోదాన్ని ఎలా దక్కించుకున్నానో అనే గోల.

నేను వాడింది క్లేర్‌ఫోంటేన్ వాళ్ళ పాస్టెల్‌మ్యాట్, అంటే పాస్టెల్ స్టిక్స్‌తో (పొడిపొడిగా రాలే రంగు సుద్దలు) బొమ్మలు వేసుకునే కాగితం, 24×30 సెంటీమీటర్ల ప్యాడ్. 360 జీఎస్ఎం, అంటే దాదాపు అట్టలాగే ఉంటుంది, 12 షీట్లు, నాలుగు రంగులు, షీటుకీ షీటుకీ మధ్య గ్లాసిన్ కాగితం (ఆ జారుడుగా, పల్చగా ఉండేది) పెట్టి ఇచ్చారు కాబట్టి బొమ్మని ప్యాడ్‌లోనే ఉంచేసినా పక్క షీటుకి అంటుకోదు. పైన సెల్యులోజ్ పీచు పూత ఉంటుంది, చేత్తో తడిమితే అంత గరుకుగా ఏమీ అనిపించదు, ఇదేం పట్టుకుంటుందిలే అనుకున్నా. తీరా స్టిక్ పెడితే రంగు అతుక్కున్నట్టు ఉండిపోయింది. సాండెడ్ పేపర్ (ఉప్పుకాగితంలా గరుకుగా ఉండేది) మీద వేలితో బ్లెండ్ చేస్తే చర్మం లేచిపోతుంది కదా, దీని మీద ఆ బాధ లేదు.

ఇంతకుముందు వాడిన ప్యాడ్ మామూలు గరుకు కాగితం, పేరెందుకులెండి. మూడు నాలుగు లేయర్లు పడగానే టూత్ నిండిపోయేది, అంటే ఆ గరుకు సందుల్లోకి పొడి కూరుకుపోయి, ఆ తర్వాత ఏ స్టిక్ పెట్టినా సర్రున జారిపోవడమే. అప్పుడు తిట్టుకునేవాణ్ణి గానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ పేపరే నన్ను బలవంతంగా ఆపేది, ఇంక చాలు లేవయ్యా అని. దీనికా గుణం లేదు. ఎన్ని వేసినా తీసుకుంటుంది, ముదురు మీద లేత, లేత మీద మళ్ళీ ముదురు, ఏం వేసినా సరే అంటుంది. మనకేమో చేతి దురద.

పైగా పాస్టెల్ ఎండేది కాదు. పిగ్మెంటూ, సుద్దా, కాస్త బంకా, అంతే అందులో ఉండేది. ఆయిల్ పెయింట్ అయితే తడిగా ఉంది రేపు చూద్దాం అని పక్కన పెట్టక తప్పదు, ఇది ఆర్నెల్ల తర్వాత ముట్టుకున్నా నిన్న వేసినట్టే వేలికి వస్తుంది, కాబట్టి అయిపోయింది అనే మాట దానంతట అది ఎప్పటికీ చెప్పదు.

మొదటి బొమ్మ సాయంత్రం నీళ్ళ ఒడ్డున చెట్లు. గంటన్నరకి చాలా బాగా వచ్చింది, నిజంగా. అక్కడ లేవాల్సింది. లేవకుండా ప్రతి ఆకుగుంపుకీ అంచు గీయడం మొదలుపెట్టా, ఆ అంచులు మరీ గట్టిగా ఉన్నాయని వేలితో రుద్దా, రుద్దితే ఆరెంజూ కింద ఉన్న నీలమూ కలిసి బురద రంగు వచ్చింది, అది కప్పడానికి ఇంకో లేత రంగు, దాన్ని సరిచేయడానికి ఇంకోటి, ఇలా మరో రెండు గంటలు కెలికి కెలికి చివరికి చెట్లన్నీ అట్టముక్కలు కత్తిరించి అతికించినట్టు తయారయ్యాయి. రెండో బొమ్మ ఫిక్సేటివ్‌తో (పొడి రాలకుండా పైన కొట్టే స్ప్రే) పోయింది. హైలైట్లన్నీ పెట్టేశాక చివర్లో పైన స్ప్రే కొట్టా, లేత రంగులన్నీ ఒక మెట్టు కిందికి దిగిపోయాయి. ఫిక్సేటివ్ కొడితే రంగు ముదురుతుందని తెలిసీ చేసిన పని అది. కొట్టాలంటే మధ్యలో కొట్టుకుని, ఆఖరి వెలుగులు ఆ తర్వాత పెట్టుకోవాలి. ఈ పేపర్‌కైతే అసలు అవసరమే పడలేదు, తర్వాత మానేశా. ఫ్రేమ్ కట్టేటప్పుడు మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం) పెట్టి గాజు బొమ్మకి తగలకుండా చూసుకుంటే చాలు.

ఇదేదో నా ఒక్కడి జబ్బు కాదులెండి. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో పాస్టెల్ పోర్ట్రెయిట్లంటే ముందు వినిపించే పేరు మోరిస్ క్వెంటిన్ డె లా టూర్ (1704–1788), అంతటి ఆయన కూడా పెద్దవయసులో పాత బొమ్మల్ని మళ్ళీ సరిచేయబోయి పాడుచేసుకున్నాడట. అది చదివాక కాస్త మనసు కుదుటపడింది.

మూడో బొమ్మకి పద్ధతి మార్చా. గట్టి స్టిక్స్‌తో మొదలుపెట్టి బాగా మెత్తటివి చివరికి దాచుకున్నా, ఎందుకంటే మెత్తటివి ముందే దట్టంగా పూసేస్తే వాటి మీద గట్టివి నిలవవు, గీరుకుపోతాయి. ముప్పావు వంతు అయిందనిపించగానే స్టిక్ కింద పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూశా. రంగులు చూసి మురిసిపోతుంటాం గానీ వాల్యూస్ (ఏది ఎంత లేత, ఎంత ముదురు అన్నది) తేడా అందులోనే బయటపడుతుంది, నా నీళ్ళూ ఆకాశమూ ఒకే గ్రేలో కలిసిపోయి ఉన్నాయి. తలకిందులుగా పెట్టి చూస్తే ఎడమవైపు ఓ మూల అనవసరంగా కన్ను లాగుతోంది. ఈ రెండూ కాగితం మీద రాసుకున్నా. రాసుకున్నవి మాత్రమే చేయాలని రూల్. ఇక్కడ ఏదో తక్కువైంది అనేది లెక్కలోకి రాదు, ఆ ఏదో ఏంటో మాటల్లో చెప్పగలిగితేనే స్టిక్ ముట్టుకోవాలి.

సరిచేయడంలో ఈ పేపర్ మంచితనం తెలిసింది. ఆ మూలని గట్టి కుచ్చు బ్రష్‌తో దులిపేస్తే పై పొడంతా రాలిపోయి కింద లేత మరక మాత్రం మిగిలింది, మళ్ళీ కొత్తగా వేసుకోవచ్చు. (దులిపిన పొడిని నోటితో ఊదకండి, బోర్డు నిలువుగా పెట్టి వెనక తట్టండి, మాస్క్ ఉంటే ఇంకా మంచిది.) దూరంగా ఉన్న చెట్ల అంచులు రెండు చోట్ల ఆకాశంలోకి కలిపేశా, ఎదురుగా ఉన్న కొమ్మ అంచు ఒక్కటే పదునుగా ఉంచా. ఆఖర్న నీళ్ళ మీద మెరుపు, అన్నిటికన్నా మెత్తటి స్టిక్‌తో ఒకసారి నొక్కి వదిలేయడం. వేలు పెట్టలేదు. పెడితే మెరుపు కాస్తా మరకవుతుంది.

తర్వాత రెండ్రోజులు గోడవైపు తిప్పి పెట్టా. మూడో రోజు తిప్పి చూస్తే చేద్దామనిపించినవి నాలుగు, వాటిలో మూడు ఉన్నా లేకపోయినా తేడా తెలియనివే. ఒక్కటి చేసి సంతకం పెట్టేశా.

పేపర్ మీద కంప్లైంట్స్ అంటే, మామూలు ప్యాడ్‌తో పోలిస్తే ఖరీదే, ప్రాక్టీస్‌కి వాడాలంటే చెయ్యి రాదు. ఇంకోటి, గట్టి గీతలు పూర్తిగా కనపడకుండా చేయడం కష్టం, అందుకే డ్రాయింగ్ వేరే కాగితం మీద తేల్చుకుని దీని మీదకి తెచ్చుకుంటున్నా. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చిన్న సైజు 18×24 తీసుకోండి, కెలకడానికి జాగా తక్కువ ఉంటుంది. ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ తగ్గించిన అర మార్కు ఖరీదుకి. పాడైన ఆ రెండు షీట్లూ దులిపేసి పెట్టా, మళ్ళీ వాటి మీదే వేస్తా.